తడి మీద వేసిన అతుకు

ఎదురుగా ఉన్నంతసేపూ ఆమెను అందరూ మేడమ్ అనేవారు. అటు తిరగ్గానే పులి మేడమ్ అయిపోయేది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఫ్యాక్టరీల్లో ట్యాంకులు తనిఖీ చెయ్యడం ఆమె పని. ఎనిమిది నెలల కిందట పక్క ఫ్యాక్టరీలో ఒక ఫైబర్‌గ్లాస్ ట్యాంకును వేడిని రంగుల్లో చూపే థర్మల్ కెమెరాతో చూసి, గోడ లోపల పొరలు విడిపోయాయని ఆమె బల్ల గుద్ది చెప్పింది. నాలుగు రోజులు పని ఆపారు. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, లోపలికి మనిషిని దింపి చూస్తే గోడ గుండ్రాయిలా ఉంది. కెమెరాలో మచ్చలా కనబడింది లోపం కాదు, ఎదురుగా పోతున్న ఆవిరి గొట్టం. నున్నటి గోడ మీద దాని వేడి అద్దంలో మొహంలా పడింది, ఆమె దాన్ని జబ్బు అనుకుంది. ఇంకేం, "నాన్నా పులి" కథ తెలియనివాళ్లెవరున్నారు? వారం తిరక్కుండా ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిటికీ పేరు పాకిపోయింది.

అందుకే ఆ ఉదయం ఆ మచ్చ కనబడగానే ఆమె నోరు తెరవలేదు. ముందు కెమెరా అద్దం తుడుచుకుంది.

అది స్టీలు రేకుల తుప్పు వదిలించే ఫ్యాక్టరీ. రేకుల్ని వేడి యాసిడ్‌లో ముంచి తీస్తారు. ఆ యాసిడ్ నిలవుండే ట్యాంకు పద్దెనిమిది అడుగుల ఎత్తున ఆరుబయట నిలబడి ఉంది. దాని చుట్టూ నడుమెత్తు కాంక్రీటు గోడ. ఎప్పుడైనా ట్యాంకు కారితే యాసిడ్ బయటికి పోకుండా ఆ చుట్టుగోడ ఆపుతుంది. ఎండ తగిలితే కొలతలు తారుమారవుతాయని ఆమె పొద్దు పొడవకముందే వచ్చింది. అదృష్టం బాగుండి ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

లోపలి యాసిడ్ వేడికి ట్యాంకు గోడ బయటివైపు నలభై నాలుగు డిగ్రీల దగ్గర సమంగా ఉండాలి. చాలామటుకు అలాగే ఉంది. కెమెరా తెర మీద గోడంతా ఒకే పసుపు. కానీ నేలకు నాలుగడుగుల ఎత్తున, భోజనాల పళ్లెమంత మేర, ఊదారంగు మచ్చ. అక్కడ ముప్పై ఎనిమిదే. గోడ లోపల పొరకూ పొరకూ మధ్య సందు పడి గాలి చేరితే ఇలాగే అవుతుంది. ఆ గాలి దుప్పటిలా అడ్డుపడి లోపలి వేడిని బయటికి రానివ్వదు.

అంతవరకైతే అంత భయం లేదు. ఆ చల్లటి మచ్చ అడుగున నెలవంకలా, గోడకన్నా కాస్త ముదురు పసుపులో, సన్నటి గీత ఉంది. నలభై ఆరు డిగ్రీలు. మామూలు గోడకన్నా ఎక్కువ. అంటే ఆ సందులో అడుగున ఉన్నది గాలి కాదు. లోపలి పొర ఎక్కడో చిట్లి, వేడి యాసిడ్ సందులోకి దిగుతోంది. యాసిడ్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య ఇక మిగిలింది పైన వేసిన అతుకు ఒక్కటే.

ఆ అతుకు ఎవరు వేశారో ఆమెకు తెలుసు. మూడేళ్ల కిందట ఆ చోట గోడ దెబ్బతింటే బాగుచేసింది ఆమె మేనమామ. గాజుపీచు పరిచి, రెజిన్ జిగురు పూసి, పొర మీద పొర వేసి ట్యాంకులు కట్టడంలో ఆయన్ను మించినవాడు లేడని పేరు. అందరూ పీచు మేస్త్రీ అంటారు. చిన్నప్పుడు బడి అయిపోగానే ఆమె పుస్తకాల సంచీ విసిరేసేది ఆయన షెడ్డులోనే. అమ్మ పని నుంచి వచ్చేదాకా ఆ రెజిన్ వాసనలోనే ఎక్కాలు వల్లించింది.

మచ్చకు సరిగ్గా కింద, చుట్టుగోడ లోపల, పంపు ఫిట్టరు మోకాళ్ల మీద కూర్చుని పంపు విప్పుతున్నాడు. నలభై ఏళ్ల మనిషి, బొజ్జ అడ్డం వస్తుంటే పక్కకి వంగి, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

"తమ్ముడూ, ఓసారి బయటికి రా," అంది ఆమె.

"ఇంకో నాలుగు బోల్టులే మేడమ్."

"బోల్టులు తర్వాత. ముందు నువ్వు రా."

గొంతులో ఏం వినబడిందో, ఫిట్టరు రాగం ఆపి స్పానరు కింద పెట్టాడు. అప్పుడే మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు గానీ గడియారానికి కట్టేసిన మనిషి. పది గంటలకి పంపు తిరక్కపోతే లైను ఆగుతుంది, లైను ఆగితే పైవాళ్ల ఫోన్లు అతని చెవిలో మోగుతాయి.

"ఏంటి మేడమ్, మనవాణ్ణి ఎందుకు లేపారు?"

ఆమె తెర చూపించింది. మేనేజరు చూసి, వెనక్కి తిరిగి, యార్డు అవతల పోతున్న ఆవిరి గొట్టాన్ని చూసి, మళ్లీ ఆమెను చూశాడు. మాటల్లో మర్యాద తగ్గలేదు గానీ పెదవి చివర నవ్వు దాగలేదు.

"మళ్లీ పులేనా?"

ఆమె చెంపలు వేడెక్కాయి. ఆ నవ్వు కన్నా తన లోపలి అనుమానమే ఎక్కువ బాధించింది. నిజంగా మళ్లీ అదే అయితే? ఇంకోసారి తప్పయితే ఈ చేతులతో కెమెరా పట్టుకోనివ్వరు. కానీ ఎనిమిది నెలలుగా ఆమె ఊరికే కూర్చోలేదు. ఏది ప్రతిబింబం, ఏది గోడ సొంత వేడి అని తేల్చే పద్ధతులు వెయ్యిసార్లు చేసి చూసింది.

"ఒక్క ఐదు నిమిషాలు సార్," అంది.

కెమెరా పట్టుకుని పదడుగులు ఎడమకి జరిగింది. ప్రతిబింబమైతే ఆమెతోపాటు జరగాలి. మచ్చ జరగలేదు. కుడికి వెళ్లింది. కదల్లేదు. ఒక పెద్ద అట్టముక్క తెచ్చి, ఆవిరి గొట్టానికీ ట్యాంకుకీ మధ్య అడ్డంగా పట్టుకోమని ఫిట్టరుకి ఇచ్చింది. అతను చేతులు పైకెత్తి పట్టుకున్నాడు. తెర మీద మచ్చ ఎలా ఉన్నది అలాగే ఉంది, నెలవంకతో సహా.

"ఇది గోడలోదే సార్. ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఇప్పుడే."

"ఇప్పుడే అంటే ఎలాగండీ? పంపు విప్పేసి ఉంది, ఎలా ఖాళీ చేస్తాం? పంపు బిగించాక చూద్దాం. రెండు గంటల పని." అని ఫిట్టరు వైపు తిరిగాడు. "నువ్వు దిగవయ్యా."

ఫిట్టరు అట్టముక్క పట్టుకునే ఉన్నాడు. ఆమెను చూశాడు, మేనేజరును చూశాడు. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది అతని పరిస్థితి.

"అతను దిగడానికి నేను ఒప్పుకోను," అంది ఆమె.

"సరే. మీ మాటా నా మాటా వద్దు. అతుకు వేసినాయనే ఇక్కడున్నాడుగా? ఆయన్నే అడుగుదాం."

ఆ వారమంతా పీచు మేస్త్రీ అదే ఫ్యాక్టరీలో పొగ గొట్టం బాగుచేస్తున్నాడు. కబురందగానే వచ్చాడు. అరవై దాటినా నిటారుగా నడుస్తాడు. చొక్కా చేతుల నిండా తెల్లటి పీచు నలుసులు. మేనకోడల్ని చూసి కళ్లతోనే పలకరించి, మేనేజరు చెప్పింది విన్నాడు. కెమెరా తెర వైపు మాత్రం చూడలేదు. అదొక్కటే ఆమెకు కొత్తగా అనిపించింది. ఎప్పుడూ ముందు దాన్నే లాక్కునేవాడు, "ఏదీ, నీ మాయాదర్పణం ఇటివ్వు" అంటూ.

చుట్టుగోడ దాటి లోపలికి దిగాడు. జేబులోంచి ఒక పెద్ద నాణెం తీశాడు. కెమెరాలు లేని రోజుల్లో గోడ బాగోగులు తెలుసుకునే పద్ధతి అదే. నాణెంతో తట్టి వినడం. మచ్చకు దూరంగా మొదలుపెట్టాడు. ఠంగ్. ఠంగ్. గట్టి గోడ గట్టిగానే పలికింది. మెల్లగా దగ్గరికి వచ్చాడు. ఠంగ్. అతుకు మీదికి వచ్చాడు.

డబ్.

అందరికీ వినిపించేంత పెద్ద తేడా కాదది. ఫిట్టరుకి తెలియలేదు, మేనేజరుకి అసలే తెలియలేదు. ఆమెకు తెలిసింది. ఎనిమిదేళ్ల వయసులో తనకు కళ్లు మూసి, రెండు పలకలు తట్టి, ఏది పుచ్చు, ఏది గట్టి అని అడిగి అడిగి ఆ చెవిని తయారుచేసింది ఆ చేతులే.

ఆయన ఇంకో రెండుసార్లు తట్టాడు. డబ్. డబ్. నాణెం జేబులో వేసుకున్నాడు.

"బానే ఉంది సార్," అన్నాడు నేలచూపులు చూస్తూ.

మేనేజరు ఊపిరి వదిలాడు. "విన్నారుగా మేడమ్?"

ఆమె విన్నది. ఆయన అబద్ధమాడగా ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"మామయ్యా, నీతో ఒక్క మాట."

"ఏముందమ్మలూ, చెప్పానుగా."

"ఒక్క మాట."

పరికరాల గది వెనక్కి నడిచారు. అక్కడ ఖాళీ పీపాలు, విరిగిన నిచ్చెన, ఎవరో ఆరేసిన రబ్బరు చేతితొడుగులు. ఆమె గొంతు తగ్గించింది.

"నాకు వినబడింది."

ఆయన చొక్కా చేతి మీది పీచు నలుసులు ఏరుకున్నాడు.

"నువ్వు నేర్పిన చెవే కదా. డబ్ మంది. మూడుసార్లు."

"పెద్దవాణ్ణయ్యానే. చెవులు మందగించాయి."

"చెవులా, నోరా?"

ఆ మాట అన్నాక ఆమెకే నాలుక కరుచుకోవాలనిపించింది. ఆయన మొహం ఒక్క క్షణంలో పదేళ్లు ముసలిదయింది. పీపా మీద కూర్చున్నాడు. మోచేతులు గోక్కున్నాడు.

"ఆ రోజు గోడ తడిగా ఉందే," అన్నాడు. "యాసిడ్ పీల్చుకుని ఉంది. రెండు రోజులు ఆరబెట్టాలి, పైపొర అరగదీయాలి, అప్పుడు వెయ్యాలి. అదే చెప్పాను. మూడు గంటలిస్తాను, చేస్తావా, ఇంకొకణ్ణి పిలవనా అన్నాడు మేనేజరు. ఇంకొకడొచ్చి ఇంకా అధ్వాన్నంగా చేస్తాడు, నేనైతే కాస్త నయంగా చేస్తానని..." ఆగిపోయాడు. "అలా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఇంకొకణ్ణి పిలుస్తాననగానే నాకు రోషం వచ్చింది. తడి మీదే వేసేశాను. పైకి మాత్రం అద్దంలా తీర్చాను."

"మూడేళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను? పీచు మేస్త్రీ పని పుచ్చుపని అనా? కక్కలేక మింగలేక తిరిగాను. గాజుపీచు గుచ్చుకుంటే రెండు రోజులు దురద పెట్టి పోతుందే. ఇది పోలేదు."

చెప్పడానికి ఆమెకు చాలా ఉంది, కానీ పక్కన టైము పరుగెడుతోంది. గోడ చాటునుంచి కెమెరా ఎత్తి ట్యాంకు వైపు పెట్టింది. మొదటి బొమ్మ తీసి ఇరవై ఐదు నిమిషాలయింది. తెర మీద నెలవంక ఇక నెలవంకలా లేదు. అరచేతి వెడల్పయింది. ఊదా మచ్చను అడుగునుంచి మింగుకుంటూ పైకి వస్తోంది.

అంతలో చుట్టుగోడ లోపలినుంచి కూనిరాగం వినబడింది.

ఆమె పరుగెత్తింది. వెనకాలే ఆయన. మేనేజరు మాట కాదనలేక ఫిట్టరు మళ్లీ దిగి పంపు దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. అతని నడినెత్తికి మూడడుగుల దూరంలో ఆ అతుకు.

"బయటికి రా! సామాను వదిలేసి రా!"

"మేడమ్, మేస్త్రీగారు బానే ఉందన్నాక కూడా..." అని మేనేజరు అడ్డొచ్చాడు.

"మేస్త్రీ అబద్ధం చెప్పాడు," అన్నాడు పీచు మేస్త్రీ.

ఆయన ఆయాసం తీర్చుకుని, అందరికీ వినబడేలా మళ్లీ చెప్పాడు.

"గోడ పుచ్చింది సార్. అతుకు తడి మీద వేశాను. అప్పుడే తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఇందాక చెప్పింది అబద్ధం. ఆ అబ్బాయిని ముందు పైకి రానివ్వండి."

ఫిట్టరు ఎవరి ఆజ్ఞ కోసమూ చూడలేదు. స్పానరు అక్కడే పడేసి, అంత బొజ్జతోనూ చుట్టుగోడ ఒక్క ఊపున ఎక్కేశాడు. "నా పిల్లలకి నేను కావాలి సార్," అన్నాడు, క్షమాపణ అడుగుతున్నట్టు.

మేనేజరు మొహం ఎర్రబడింది. "ఇంత పని చేసి మూడేళ్లు నోరు మూసుకున్నావా?"

"మూసుకున్నాను. మీరు మూడు గంటలే ఇచ్చారు, అదీ నిజమే. ఆ లెక్క తర్వాత చూసుకుందాం."

ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి తెరను మేనేజరు కళ్ల ముందుంచింది. "ఇది ఇందాకటిది. ఇది ఇప్పటిది. ఆవిరి గొట్టం నీడైతే పెరగదు సార్."

అతను చూశాడు. ఈసారి వెనక్కి తిరిగి ఆవిరి గొట్టాన్ని చూడలేదు. ఫోను తీశాడు.

లోపల పదిహేను అడుగుల మట్టాన యాసిడ్ ఉంది. పంపు లేదు. అడుగు వాల్వు తిప్పాలంటే మనిషి సరిగ్గా ఆ అతుకు పక్కకే వెళ్లాలి. వెళ్తానని పీచు మేస్త్రీ కదిలాడు. "నేను వేసిన అతుకు, నేను పోతాను."

ఆమె ఆయన భుజం పట్టుకుని ఆపింది. "నువ్వు పోతే రోషం తీరుతుందేమో, యాసిడ్ తీరదు. పైనుంచి లాగుదాం."

పైకి మెట్లు ట్యాంకు అవతలి వైపున, అతుక్కి దూరంగా ఉన్నాయి. గేటు దగ్గర రెండు యాసిడ్ ట్యాంకర్లు ఖాళీగా ఉన్నాయని మేనేజరు ఫోన్లో తేల్చాడు. ఒకటి వచ్చింది. ఫిట్టరు మొహానికి ముసుగు, ఒంటికి రబ్బరు కోటు వేసుకుని పైకెక్కి మూత తీసి గొట్టం దించాడు. ట్యాంకరు పంపు గురగురమని లాగడం మొదలెట్టింది.

ఇక మిగిలింది రెండు మట్టాల మధ్య పందెం. లోపల యాసిడ్ దిగుతోంది, సందులో యాసిడ్ ఎక్కుతోంది. ఆమె చుట్టుగోడకు ఇరవై అడుగుల దూరంలో కెమెరాను స్టాండు మీద పెట్టి, పది నిమిషాలకొక బొమ్మ తీసింది. తీసినప్పుడల్లా గట్టిగా చెప్పింది. "మచ్చలో సగం వేడెక్కింది." పైనుంచి ఫిట్టరు కేకేశాడు, "పదమూడు అడుగులు!" మళ్లీ పది నిమిషాలు. "సగం దాటింది." "పన్నెండు!"

పీచు మేస్త్రీ ఆమె పక్కన నిలబడి ఆ రోజు మొదటిసారి తెరలోకి చూశాడు. తన చేతిపని లోపల ఎలా ఉందో మూడేళ్ల తర్వాత చూస్తున్నాడు. పిడికిలి బిగించి విప్పుతూ ఉన్నాడు.

తొమ్మిది అడుగుల దగ్గర మొదటి ట్యాంకరు నిండింది. మేనేజరు వచ్చాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"దాదాపు సగం తగ్గిందిగా? ఇక్కడ ఆపి, రెండో ట్యాంకరు ఉంచుకుందాం. అది వేరే లోడుకి పోవాలట. పైవాళ్లు అడుగుతున్నారు."

"అతుకు నాలుగడుగుల ఎత్తున ఉంది సార్. దాని అడుక్కి దిగేదాకా ఆపకూడదు."

"నేనేం చెప్పను వాళ్లకి?"

ఆమె చెయ్యి చాచింది. "ఫోను నాకివ్వండి, నేను చెప్తాను."

మేనేజరు ఆ చేతిని చూశాడు. తర్వాత అదే ఫోనులో, ఎప్పుడూ లేనంత గట్టిగా, "ఇక్కడ పని అవుతోంది, తర్వాత చేస్తా," అని పెట్టేశాడు. రెండో ట్యాంకరుకి చెయ్యి ఊపాడు.

మట్టం తగ్గేకొద్దీ పైనుంచి లాగుడు మందగించింది. అంతకుముందు పది నిమిషాలకు అడుగు దిగితే, ఇప్పుడు పావుగంటైనా దిగడం లేదు. ఎనిమిది. ఏడున్నర. మచ్చలో ఊదారంగు నాణెమంత మిగిలింది. ఆరున్నర. నాణెమూ పోయింది. తెర మీద ఆ చోటంతా ఇప్పుడు ఒకటే పసుపు. తెలియనివాడు చూస్తే గోడంతా బాగుందనుకునేవాడు. సందంతా యాసిడ్‌తో నిండిపోయిందని ఆమెకు మాత్రం తెలుసు.

"అందరూ వెనక్కి," అంది. "ఫిట్టరుని కూడా దిగిపొమ్మనండి. గొట్టం దానంతటది లాగుతుంది."

ఫిట్టరు దిగి వచ్చి నాలుగు నిమిషాలు కాలేదు. అతుకు కింది అంచున గోడ చెమర్చింది. తడి చార ఒకటి సన్నగా కిందికి జారింది. తర్వాత, పెద్ద చప్పుడేం లేకుండా, గుడ్డ చిరిగినట్టు చిన్నగా 'పర్ర్'మంది. అతుకు పెదవిలా విచ్చుకుంది. బొటనవేలంత లావు ధార వంపు తిరిగి చుట్టుగోడ లోపల పడింది.

సరిగ్గా పంపు దగ్గర పడింది. ఫిట్టరు మోకాళ్ల కింద వేసుకున్న గోనెపట్టా పొగలు కక్కుతూ ముడుచుకుపోయింది. పడేసిన స్పానరు బుసబుసమని నురగ కట్టింది.

ఘాటుకి అందరూ ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. ఫిట్టరు ఆ గోనెపట్టా వైపు చూస్తూ ఉండిపోయాడు. పీచు మేస్త్రీ వెళ్లి అతని వీపు మీద చెయ్యి వేశాడు. ఫిట్టరు ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

ధార గంటకు పైగా కారి, మట్టం చీలిక కిందికి దిగాక ఆగింది. యాసిడ్ అంతా చుట్టుగోడ లోపలే నిలిచింది. అది విరగడానికి సున్నం చల్లారు. ఎవరి ఒంటి మీదా చుక్క పడలేదు. పదిహేను అడుగుల బరువుతో ఆ చీలిక పడి ఉంటే ధార కాదు, గోడే వచ్చేదని ఆమెకు తెలుసు.

మూడో రోజు ట్యాంకు కడిగి, ఆ భాగం కోసి తీశారు. అతుకు పైపొర ఎంత అందంగా ఉందో, కింద అంత కుళ్లిపోయి ఉంది. పీచు తడిసిన నూలుపోగుల్లా చేతికి ఊడి వచ్చింది. పీచు మేస్త్రీ ఆ ముక్కను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఇక రిపోర్టు. ఆ రాత్రి కాగితం ముందు కూర్చుని ఆమె కలం కదపలేకపోయింది. మర్నాడు ఉదయమే ఆయన షెడ్డుకి వెళ్లింది. ఆయన పని బల్ల కడుగుతున్నాడు.

"ఏం రాశావు?" అన్నాడు.

"ఇంకా రాయలేదు."

"నేను చెప్తా, రాసుకో. గోడ తడిగా ఉందని మేస్త్రీకి తెలుసు. తెలిసీ వేశాడు. పరీక్ష రోజున అడిగితే బాగుందన్నాడు."

"మేనేజరు మూడు గంటలే ఇచ్చాడని కూడా రాస్తాను."

"అది నా తప్పుని తేలిక చెయ్యడానికైతే వద్దు."

"తేలిక చెయ్యడానికి కాదు. జరిగింది కాబట్టి."

ఆయన తలూపాడు. "అలాగైతే రాయి."

రాసింది. రెండూ రాసింది. ఫ్యాక్టరీవాళ్లు ఏడాదిపాటు పీచు మేస్త్రీని గేటు లోపలికి రానివ్వకూడదన్నారు. మేనేజరును వేరే విభాగానికి మార్చారు. ఎండిందని పరీక్షించి సంతకం పెట్టనిదే ఇకమీదట ఏ అతుకూ వెయ్యకూడదని నియమం పెట్టారు.

ఇంట్లో మాత్రం పెద్ద గాలివానే లేచింది. అమ్మకు సంగతి తెలిసింది మూడో మనిషి నోట. తమ్ముడంటే ఆమెకు పంచప్రాణాలు. సాయంత్రం కూతురు గుమ్మంలో అడుగు పెట్టగానే మొదలుపెట్టింది.

"నీకు మూడుపూటలా కడుపు నింపిన షెడ్డే అది. ఆ అన్నం తిన్న చేత్తోనే వాడి మీద రాశావా? ఇంటి గుట్టు ఊరికి చాటావా?"

"అమ్మా, ఒక మనిషి చచ్చిపోయేవాడు."

"చావలేదుగా!"

ఆమె చెప్పులు విప్పి గోడకానుకుని నిలబడింది. అప్పుడు వెనకనుంచి పీచు మేస్త్రీ గొంతు వినబడింది. ఎప్పుడొచ్చాడో గుమ్మం బయటే ఉన్నాడు.

"అక్కా, దాన్ని అనకు. రాయమన్నది నేను."

"నువ్వు నోర్మూసుకో. నీకు బుద్ధి లేదు."

"లేకే కదా ఇంత జరిగింది," అన్నాడు ఆయన లోపలికి వస్తూ. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు తన అరచేతులే చూసుకున్నాడు. అమ్మ కళ్లొత్తుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. గిన్నెలు మామూలు కన్నా గట్టిగా మోగాయి.

ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకా రెండున్నాయి అమ్మలూ."

"ఏవి?"

"అలాంటివి. తొందరలో వేసినవి. ఒకటి నీళ్లు శుద్ధిచేసే చోట. నాలుగేళ్లయింది. ఇంకొకటి ఎరువుల ఫ్యాక్టరీలో, పెద్ద గొట్టం మీద. నిన్న ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పేశాను. ఒకాయన తిట్టాడు. ఒకాయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయమేసింది. చివరికి ఇద్దరూ ఎల్లుండి రమ్మన్నారు." తలెత్తి చూశాడు. "కెమెరా పట్టుకుని వస్తావా?"

వెళ్లారు. నీళ్ల దగ్గర అతుకు గట్టిగా ఉంది. ఆమె నాలుగు వైపులనుంచీ చూసింది. అట్ట అడ్డం పెట్టి చూసింది. వేడి దీపం పెట్టి గోడను వెచ్చచేసి, అది చల్లారేటప్పుడు మళ్లీ చూసింది. ఆయన నాణెంతో తట్టాడు. ఇద్దరూ ఒకటే మాట చెప్పారు.

ఎరువుల ఫ్యాక్టరీలో తెర మీద మచ్చ కనబడింది. చిన్నదే, బొటనవేలి గోరంత. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె కెమెరాను ఆయన చేతికిచ్చింది. ఆయన చూశాడు. అక్కడి ఇంజనీరు వైపు తిరిగాడు.

"ఇక్కడ పుచ్చింది సార్," అన్నాడు. "గొట్టం ఆపండి. రెండు రోజులు ఆరాలి. అంతకు ఒక్క గంట తగ్గినా నేను చెయ్యి పెట్టను."